పలికించిన మాట

ఆ ఊళ్ళో అందరూ ఆవిడను మాటలమ్మ అనేవారు. పెద్దాసుపత్రిలో ఆవిడ ఉద్యోగం స్పీచ్ థెరపిస్టు. ఆ పేరు పలకగలిగిన వాళ్ళకు ఆవిడతో పని ఉండదు, ఆవిడతో పని ఉన్నవాళ్ళకు ఆ పేరు నోరు తిరగదు. అందుకని మాటలమ్మే ఖాయమైంది. నత్తి పిల్లలు, గొంతు ఆపరేషన్ అయినవాళ్ళు, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళు ఆవిడ దగ్గరికి వచ్చేవారు. ఎక్స్‌రే గది పక్కన నడవా చివర ఒక చెక్క తెర, దాని వెనక ఒక బల్ల, రెండు కుర్చీలు, బొమ్మల అట్టలున్న రేకు డబ్బా. ఆవిడ డిపార్టుమెంటంతా అంతే. స్ట్రెచర్ చక్రాల చప్పుడు దాటిపోయేదాకా ఆగి, "ఇప్పుడు మళ్ళీ అనండి" అనడం ఆవిడకు అలవాటైపోయింది. ఒక గది ఇప్పించమని పదహారేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉంది.

ఎన్నికలు ఇంకా మూడు నెలలు ఉన్నాయనగా పెద్దాయనకు పక్షవాతం వచ్చింది.

పెద్దాయన ఒకప్పుడు బస్సు డిపోలో టైర్లకు పంక్చర్లు వేసిన మనిషి. తాత, తండ్రి, కొడుకు వరసగా ఆ నియోజకవర్గాన్ని ఏలుకున్న మిల్లు ఓనర్ల కుటుంబాన్ని ముప్ఫై ఏళ్ళ కిందట మట్టి కరిపించాడు. ఆ తర్వాత ఓటమన్నది ఎరగడు. ఆ మొదటి ఎన్నికలప్పుడు మాటలమ్మకు పదకొండేళ్ళు. పోస్టాఫీసులో గుమాస్తాగా పనిచేసే వాళ్ళ నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మీటింగుకు తీసుకెళ్ళాడు. "పదవంటే ఇంట్లో బీరువా కాదు, నాయన పోగానే కొడుకు తాళాలు తీసుకోవడానికి" అన్నాడు ఆ రోజు పెద్దాయన. నాన్న బతికినన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ మాట అప్పజెప్పాడు.

అంచేత పెద్దాయన కొడుకు స్వయంగా ఆస్పత్రికి వచ్చి, చెక్క తెర పక్కన నిలబడి, "మేడమ్, నాన్నకి మాట తెప్పించాలి, రోజూ ఇంటికి రాగలరా" అని అడిగినప్పుడు ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు.

పెద్దాయన మేడ మీద గదిలో కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో దిండు మీద పెట్టి ఉంది, అది తనది కానట్టు. నోరు ఒక పక్కకు లాగేసింది. కళ్ళు మాత్రం పాత కళ్ళే. మొదటి వారం ఆయన నోట్లోంచి ఒకే ఒక్క మాట స్పష్టంగా వచ్చింది. నర్సు వేడినీళ్ళ గుడ్డ కాస్త గట్టిగా అద్దితే, "వెధవ" అన్నాడు. కోడలు ఆనందం పట్టలేక కింద ఉన్నవాళ్ళందరినీ పిలిచింది. మాటలమ్మ నవ్వింది. ఈ జబ్బులో తిట్లు, అంకెలు, వారాల పేర్లు చివరిదాకా మిగులుతాయి. కావాలని వెతుక్కునే మాటలే దొరకవు. గొడుగు అనబోతే చెప్పు అని వస్తుంది, నీళ్ళు అనబోతే గ్లాసు అని వస్తుంది. పక్కింటి తలుపు తట్టినట్టన్నమాట. మనిషికి మాత్రం తనేం అనాలనుకున్నాడో లోపల తెలుస్తూనే ఉంటుంది.

తెలుస్తోందో లేదో రూఢి చేసుకోవడానికి ఆవిడ రెండు అట్టలు ఇచ్చింది. ఔనంటే పచ్చది, కాదంటే ఎర్రది. తాళంచెవి బొమ్మ చూపించి "ఇది కుర్చీనా" అంటే ఎడమ చేత్తో ఎర్రది పైకెత్తాడు. అలా ఇరవై ప్రశ్నలు అడిగితే పందొమ్మిదింటికి సరిగ్గా జవాబిచ్చాడు. "బుర్ర గడియారంలా ఉందండీ, గంట కొట్టే సుత్తే విరిగింది" అని కోడలితో చెప్పింది. పుస్తకంలోనూ రాసుకుంది.

ఆ ఇంటి గేటు లోపల సిమెంటు అరుగు మీద రోజూ ఒకావిడ కూర్చుని ఉండేది. టైలరక్క. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు చేతులు అతికే పని చేస్తూ, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు కట్టించాలని పద్దెనిమిది రోజులు మిషన్లు ఆపించిన మనిషి. ఆ సమ్మెలోనే పెద్దాయన ఆమెను చూశాడు. పద్నాలుగేళ్ళు ఆయన వెంట తిరిగింది, రెండుసార్లు వార్డు మెంబరైంది. ఏ వీధిలో ఏ పైపు ఎప్పుడు పగిలిందో ఆమెకు కంఠతా వచ్చు. ఈసారి తనకు ఒంట్లో ఓపిక లేదనీ, టికెట్టు టైలరక్కకే ఇప్పిస్తాననీ పెద్దాయన నలుగురితో అన్నాడని ఊరంతా అనుకునేది. కానీ పదిమందిలో ప్రకటించకముందే నోరు పడిపోయింది. ఇప్పుడేమో డాక్టర్లు ఎవరినీ కలవనివ్వొద్దన్నారని చెప్పి ఇంట్లోవాళ్ళు ఆమెను మెట్లెక్కనివ్వడం లేదు.

"అమ్మా, నేనొచ్చానని ఆయనకి ఒక్క మాట చెప్తారా" అంది ఓ రోజు మాటలమ్మతో.

"చెప్తాను" అంది మాటలమ్మ. పైకి వెళ్ళి చెప్పింది కూడా. పెద్దాయన ఉలిక్కిపడి కిటికీలోంచి కిందికి చూడబోయాడు. పెదాలు కూడదీసుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. చాలాసేపటికి, "కత్తెర" అన్నాడు.

కోడలు విన్నది. "చూశారా, ఎంత చక్కగా అన్నారో. గోళ్ళు పెరిగాయని అడుగుతున్నారు" అని పరిగెత్తుకెళ్ళి కత్తెర తెచ్చి, ఆయన పాదాల దగ్గర కూర్చుని ఓపికగా గోళ్ళు కత్తిరించింది. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "కత్తెర, కత్తెర." "కత్తిరిస్తున్నానుగా మామయ్యగారూ" అంటోంది ఆవిడ. మాటలమ్మకు అర్థమైంది. పక్కింటి తలుపు. ఆయన ఎడమచేత్తో గాలిలో చిన్న చక్రం తిప్పాడు, మిషను చక్రం తిప్పినట్టు. ఎడమకాలు నేలమీద తొక్కింది.

అప్పుడే నోరు తెరిచి, "గోళ్ళు కాదమ్మా, టైలరక్కను పిలవమంటున్నారు" అని ఉండాల్సింది. ఇంటి వ్యవహారం, మనకెందుకు, రేపు చెబుదాంలే అనుకుంది. రేపన్నది ఎప్పుడూ రేపే కదా.

ఆ మర్నాడే కొడుకు ఆవిడను కింద హాల్లో కూర్చోబెట్టి, టీ తెప్పించి, అసలు సంగతి చెప్పాడు. ఇరవై రోజుల్లో మైదానంలో సభ ఉంది. నాన్నను చక్రాల కుర్చీలో తీసుకెళ్తారు. ఆయన నోటితో ఒక్క వాక్యం చెప్పించాలి. నా తరువాత నా కొడుకు. "అంతే మేడమ్. అంతకుమించి ఒక్క అక్షరం కూడా వద్దు. మీవల్ల అవుతుందా?"

అతను దుర్మార్గుడైతే మాటలమ్మకు పని తేలికయ్యేది. కాదు. మెత్తటి మనిషి, గొంతు పెంచడు. తండ్రికి నోరు పక్కకు కారితే తనే జేబురుమాలుతో తుడుస్తాడు. "నా పెళ్ళి ఫోటోల్లో కూడా నాన్న పక్కన నేను లేను. ఎవరో పార్టీవాళ్ళుంటారు" అన్నాడు టీ గ్లాసు వైపు చూస్తూ. "ఊళ్ళో అందర్నీ పైకి తెచ్చాడు. నన్ను మాత్రం వెనక బెంచీలో కూర్చోమనేవాడు, జనం ఏమనుకుంటారోనని. ఒక్కసారి, నలుగురి ముందు, నా కొడుకు అంటే చాలు." అక్కడ ఆగి, వెళ్ళబోతూ గుర్తొచ్చినవాడిలా, "మీకు ఆస్పత్రిలో గది కూడా లేదటగా. నేను చూస్తాను" అన్నాడు.

తర్వాతి రోజుల్లో ఆవిడ తన మనసును ఎన్నోసార్లు బోనెక్కించింది. గది కోసమా? కొంత. అతని మీద జాలా? అదీ కొంతే. అన్నిటికంటే పెద్దది ఇంకోటుంది, అది ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. పదహారేళ్ళలో ఆవిడ దగ్గరికొచ్చిన వాళ్ళలో మాట పూర్తిగా పడిపోయి, వేలమంది ముందు వాక్యం మొత్తం చెప్పిన మనిషి ఒక్కడూ లేడు. తను చెప్పించగలనని ఆవిడకు తెలుసు. పనితనం చూపించుకోవాలన్న యావ అది. చేతిలో విద్య ఉన్నవాళ్ళకు అదో పిచ్చి.

మాట పోయినవాళ్ళకూ పాట మిగులుతుంది. వాక్యాన్ని రాగంలా సాగదీసి, ఎడమచేతి మీద తాళం వేస్తూ పలికిస్తే, ఆ తాళాన్ని పట్టుకుని మాట బయటికొస్తుంది. వందలసార్లు చేశాక ఇక మనిషితో పనిలేదు, తాళం పడితే చాలు, మాట దానంతటదే దొర్లుకుంటూ వస్తుంది. నా, త, రు, వా, త, నా, కొ, డు, కు. తొమ్మిది తట్లు.

మొదటి రోజు పెద్దాయన ఆమె ఏం చెప్పించబోతోందో విని నోరు బిగించేశాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బల్ల మీద వెతికి ఎర్ర అట్ట తీసి ఎత్తి పట్టుకున్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజూ ఎర్ర అట్టే ఎత్తితే, గదిలో ఎవరూ లేనప్పుడు ఆవిడ వంగి, నెమ్మదిగా అడిగింది. "సార్, ఈ వాక్యం మీకు ఇష్టం లేదా?" పచ్చ అట్ట. "టైలరక్క గురించి చెప్పాలనుకుంటున్నారా?" పచ్చ అట్ట. ఆ తర్వాత ఆవిడ మోచెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర కొడుకు ఎదురయ్యాడు. "మేడమ్, నిజం చెప్పండి. నాన్న ఆ ఎర్ర అట్ట చూపిస్తున్నాడని నర్సు చెప్పింది. ఆయనకిష్టం లేదా? ఇష్టం లేకపోతే వద్దులెండి. ఊరికే హింసపెట్టొద్దు."

అతను ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆవిడ అప్పుడు నిజం చెబితే అక్కడితో ఆగిపోయేది. కానీ ఆవిడ చేతిలోని పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని, డాక్టర్లు మాట్లాడే ఆ నిమ్మళమైన గొంతుతో, "ఈ జబ్బులో ఔననబోయి కాదంటారు, కాదనబోయి ఔనంటారండీ. అట్టల్ని నమ్మడానికి లేదు" అంది.

"అంతేనా?" అన్నాడు. అతని మొహం వెలిగింది.

"అంతే" అంది.

నాలుగో రోజు నుంచి ఆవిడ ఆ అట్టలు డబ్బాలోంచి బయటికి తియ్యలేదు.

పది రోజులు గడిచేసరికి పెద్దాయన అలిసిపోయాడు. చెయ్యి లాక్కోవడం మానేశాడు. రోజుకు రెండు పూటలా, పూటకు నలభైసార్లు. పన్నెండో రోజు తాళం వేస్తుంటే వాక్యం తొలిసారి పూర్తిగా వచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు అది విని గోడవైపు తిరిగి ఏడ్చాడు. పెద్దాయన తన నోట్లోంచి వచ్చిందేమిటో తెలియనట్టు మాటలమ్మ వైపు చూశాడు. ఆవిడకు సంతోషమే కలిగింది. ఆ సంతోషాన్ని ఆవిడ తర్వాత ఎన్నడూ క్షమించుకోలేదు.

సభ సాయంత్రం నాలుగింటికి. మైదానం నిండిపోయింది. వేదిక మీద చక్రాల కుర్చీలో పెద్దాయన, ఎడంపక్క కొడుకు, కుర్చీ వెనక ప్లాస్టిక్ స్టూలు మీద మాటలమ్మ. జనానికి ఆమె కనబడకుండా పూలకుండీలు పేర్చారు. ఆమె చెయ్యి ఆయన ఎడమ భుజం మీద ఉంది. ముందు వరసలో వార్డు ఆడవాళ్ళ మధ్య టైలరక్క కూర్చుని ఉంది. దాదాపు రెండు నెలల తర్వాత ఆయన్ను చూడటం. చేతులు రెండూ ఒళ్ళో ముడిచి, కళ్ళార్పకుండా చూస్తోంది.

మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు. మైదానం సద్దుమణిగింది. పెద్దాయన ముందు వరస చూశాడు. చూపు అక్కడే ఆగింది. గొంతు కదిలింది.

"క" అన్నాడు. "కత్..."

ఆ మాటకు అర్థం తెలిసిన మనిషి ఆ మైదానంలో ఒక్కతే. ఆయన ఇంకో రెండు నిమిషాలు పెనుగులాడితే కత్తెర అనేవాడేమో, టైలరక్క అనేవాడో, ఏమీ అనలేకపోయేవాడో. ఏదైనా అది ఆయన మాటయ్యేది. కొడుకు కంగారుగా వెనక్కి చూశాడు. మాటలమ్మ వేళ్ళు భుజం మీద కదిలాయి.

ఒక్క తట్టు పడగానే ఆయన నోరు ఆయనది కాకుండా పోయింది. నా తరువాత నా కొడుకు. తొమ్మిదీ వచ్చాయి, ఒక్కటీ చెడిపోకుండా, కొంచెం రాగంతో. మైదానం దద్దరిల్లింది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పెద్దాయన చెంపల మీద నీళ్ళు కారుతుంటే, "కన్నకొడుకు కదా, ఆనందబాష్పాలు" అని మైకులో ఎవరో చెప్పారు. టైలరక్క అందరితో పాటు లేచి నిలబడింది. చప్పట్లు కూడా కొట్టింది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ వరసగా జరిగాయి. టైలరక్క టికెట్టుకు పెట్టుకున్న దరఖాస్తు వెనక్కి తీసుకుంది. "పెద్దాయనే అన్నాక ఇంక నేనెవరిని" అందట. పది రోజులు అబ్బాయి తరఫున ఇల్లిల్లూ తిరిగింది కూడా. అబ్బాయి భారీగా గెలిచాడు. పనిగట్టుకుని ఎవరికీ చెడు చేసిన మనిషి కాదు. కాకపోతే ఊరు తెలియదు. బట్టల ఫ్యాక్టరీ లైన్లలో మురుగునీళ్ళు ఇళ్ళలోకి వచ్చినప్పుడు వచ్చి, బూట్లు విప్పి, నీళ్ళలో దిగి, ఫోటో దిగకుండానే వెళ్ళాడు. పాపం, ఆ మాత్రం మర్యాద ఉంది. కానీ ఏ తూము మూసుకుపోయిందో, ఎవరికి ఫోను చెయ్యాలో తెలియక మూడు నెలలు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. తెలిసిన మనిషి అప్పటికి ఇంట్లో కూర్చుని పాత బట్టలు సరిచేసిస్తోంది.

మాటలమ్మ ఆ సభ తర్వాత పెద్దాయన దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళింది. బొమ్మలు చూపిస్తే ఆయన చూడడు. ఆవిడ చెయ్యి దగ్గరికొస్తే భుజం ముడుచుకునేవాడు. "నాన్నకి విసుగొచ్చినట్టుంది, కొన్నాళ్ళు ఆపుదాం" అన్నాడు కొడుకు. ఆ ఏడాది గడిచి రెండు నెలలకు పెద్దాయన పోయాడు. సభలో అన్నదే ఆయన చివరి మాటయింది. కొడుకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఆస్పత్రిలో రెండు కిటికీలున్న గది వచ్చింది, చిన్నపిల్లలకు చిన్న కుర్చీలతో సహా. గుమ్మం పైన పెద్దాయన పేరు రాయించారు. రోజూ పొద్దున్నే దాని కింద నుంచి తలవంచుకుని లోపలికి వెళ్ళడం ఆవిడకు కొత్త అలవాటు.

మూడేళ్ళకు ఒక మంగళవారం టైలరక్క ఆ గదిలోకి వచ్చింది. మనవరాలికి నాలుగేళ్ళు నిండుతున్నా మాట రాలేదు. తలవెంట్రుకలు బాగా నెరిశాయి. పిల్లను చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, "చెవులు బాగానే ఉన్నాయన్నారమ్మా. మీరు చూస్తే వస్తుందని అందరూ అంటున్నారు. పెద్దాయన చేతే పలికించారుగా" అంది.

ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అంది. మాటలమ్మ పిల్లను చూసింది, రాసుకుంది, ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పింది. అన్నీ అయ్యాక తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

"అక్కా, మీకొక విషయం చెప్పాలి. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు."

కత్తెర సంగతి, అట్టల సంగతి, మెట్ల దగ్గర తనన్న అబద్ధం, భుజం మీద తాళం, ఏదీ దాచకుండా చెప్పింది. టైలరక్క పిల్ల చేతిలోంచి కిందపడ్డ చెక్కబొమ్మను తీసి తుడిచి ఇస్తూ వింది.

"ఎన్నిసార్లు చూపించాడు, ఆ ఎర్ర అట్ట?" అంది చివరికి.

"మూడు రోజులూ చూపించారు."

"మిమ్మల్ని ఎవరైనా భయపెట్టారా?"

"లేదక్కా."

"పోనీ, భయపెట్టారని చెప్పినా బాగుండేది" అంది టైలరక్క. "గెలిచేదాన్నో ఓడేదాన్నో, అది వదిలెయ్యండి. టికెట్లు రాని వాళ్ళు లోకంలో చాలామంది. ఆ రోజు నా మొహంలోకి చూస్తూ ఆ మాటన్నాడమ్మా. నా మొహంలోకే చూశాడు. ఇంటికెళ్ళి అనుకున్నాను, ఎంతయినా రక్తం రక్తమే, వీళ్ళ కోసమా నేను ఇన్నాళ్ళూ కాళ్ళరగదీసుకున్నది అని. ఆయన పోయినప్పుడు మా అబ్బాయి బతిమాలాడు, ఒక్కసారి చివరి చూపు చూసి రామ్మా అని. వీధి మొగదాకా వెళ్ళాను. ఆయన్ని మొయ్యడానికి కన్నకొడుకు ఉన్నాడులే అని వెనక్కొచ్చేశాను."

మాటలమ్మ ఏదో అనబోయింది.

"వద్దు" అంది టైలరక్క. "ఇప్పుడు మీరేమన్నా నేను మళ్ళీ అక్కడికి వెళ్ళలేను కదా."

వంగి పిల్లకు చెప్పులు తొడిగింది. బకిల్ పట్టలేదు. ఏళ్ళ తరబడి సూదిలో దారం ఎక్కించిన ఆ వేళ్ళు రెండు మూడుసార్లు జారిపోయాయి. చివరికి పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి మంగళవారం మాటలమ్మ పొద్దుటినుంచీ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. పదకొండింటికి పిల్ల వచ్చింది. తీసుకొచ్చింది టైలరక్క కోడలు.

"అత్తయ్యగారు రాలేదా?"

"రానన్నారండీ" అంది ఆ అమ్మాయి, కారణం తనకూ తెలియనట్టు. "పిల్లని మాత్రం ఒక్క వారం కూడా మానిపించొద్దన్నారు. మీ అంత బాగా నేర్పేవాళ్ళు లేరట."

ఆ పిల్లకు ఏడు నెలలకు మాట వచ్చింది. ఆ ఏడు నెలల్లో టైలరక్క ఒక్కసారి కూడా ఆ గది గుమ్మం తొక్కలేదు.